గుండె అడిగేదెంత, అందేదెంత

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరున మాట్లాడమంటే ఏ వైద్యుడికైనా ముందు బెరుకు పుడుతుంది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరు కన్నెర్ర చేశాడనీ, ఎంబీబీఎస్‌కి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చిందనీ చెబుతారు. తిన్న తిండిని పేగులు పీల్చుకోలేని స్ప్రూ అనే జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్దికాలం తేడాలో పోయారు. తర్వాత ఆయన బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిళ్ళు చిన్న పనులు చేసుకుంటూ చదువుకున్నారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకి ఇచ్చే హెట్రజాన్, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్, వీటన్నిటి వెనకా ఆయనా, ఆయన బృందమూ ఉన్నారు.

ఇవన్నీ మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. నాకు ఇవాళ కావలసింది వీటికంటే ముందు ఆయన చేసిన పని. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఉన్న ఫాస్ఫరస్‌ని కొలుస్తూ, 1929లో ఏటీపీ అనే పదార్థం గురించి రాశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. కండరం ముడుచుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అక్కడికక్కడ ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. మూడు వందల గ్రాముల బరువుండే మన గుండె రోజు మొత్తంలో తయారుచేసి ఖర్చుపెట్టే ఏటీపీ దాదాపు 6 కిలోలు. నిల్వ మాత్రం కొన్ని సెకన్లకు సరిపడేంతే. అంటే మన గుండె ఏ పూట సంపాదన ఆ పూట తినే సంసారం.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. దీన్ని విధి అన్నా వైచిత్రి అన్నా మీ ఇష్టం. వైద్యుడిగా నాకు ఆ అంకె దగ్గర ఆగాలనిపిస్తుంది. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్ళని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం 2004లో వెలువడింది. అందులో దక్షిణాసియా వాళ్ళ లెక్కలు విడిగా తీసి చూస్తే, మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్ళకి 59 దగ్గర ఉంది. సుబ్బారావు గారి వయసూ, ఈ 53 ఒకటే కావడం కాకతాళీయమే. ఆరేళ్ళు ముందుగా రావడం మాత్రం కాకతాళీయం కాదు.

1

ముందు గుండె జమాఖర్చు చూద్దాం. కాలి కండరం తీరిగ్గా ఉన్నప్పుడు తన దగ్గరికి వచ్చిన రక్తం నుంచి పావువంతు ఆక్సిజన్ తీసుకుని మిగతాది వెనక్కి పంపుతుంది. పరుగెత్తాల్సి వస్తే ఆ మిగులు వాడుకుంటుంది. గుండె కండరానికి ఆ వెసులుబాటు లేదు. మనం కుర్చీలో కూర్చున్నప్పుడే అది వచ్చిన ఆక్సిజన్‌లో 70 నుంచి 75 శాతం పీల్చేస్తుంది. ఇంకా కావాలంటే ఒకటే దారి: రక్తమే ఎక్కువ రావాలి. ఆరోగ్యంగా ఉన్న హృదయ ధమనులు శ్రమలో నాలుగైదు రెట్లు ఎక్కువ రక్తం తెచ్చిపెడతాయి. లోపల కొవ్వు పేరుకుని దారి ఇరుకైన ధమని తేలేదు.

గోదావరి డెల్టాలో వ్యవసాయం తెలిసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు కాబట్టి నా పని తేలిక. కాలువలో కొంత పూడిక ఉన్నా వానలుండే సార్వాలో ఎవరూ పట్టించుకోరు. వానల్లేని దాళ్వా వచ్చి అందరూ ఒక్కసారి నీళ్ళు అడిగినప్పుడు తెలుస్తుంది. ముందు ఎండేది ఎవరి చేను? శివారు భూమి. గుండె గోడలో కూడా శివారు ఉంది. ధమనులు గుండె బయటి పొర మీద పాకి, అక్కడి నుంచి లోపలికి దిగుతాయి. అన్నిటికంటే లోపలి పొర కాలువ చివరి చేను. ఛాతీనొప్పికి మూలం ముందు అక్కడే పుడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎడమ గుండె గోడకి రక్తం ప్రధానంగా అందేది గుండె ముడుచుకున్నప్పుడు కాదు, సడలినప్పుడు. గుండె వేగం పెరిగితే ఆ సడలే వ్యవధి తగ్గిపోతుంది. వేగం పెరిగినకొద్దీ అవసరమూ పెరుగుతుంది, తీర్చుకునే సమయమూ కరిగిపోతుంది. అంజైనా అంటే ఇదే: ఆ కాసేపు గుండె అడిగినదానికీ అందినదానికీ మధ్య లోటు. కండరం ఇంకా చావలేదు. అది గుండెపోటుకీ దీనికీ తేడా. ఆగితే లోటు పూడుతుంది, నొప్పి పోతుంది.

లెక్కకి రెండు వైపులున్నాయి. మనమందరమూ, ముఖ్యంగా మేం వైద్యులమూ, పూడిక వైపే చూస్తాం. తీసెయ్యాలి, గొట్టం వెయ్యాలి, పక్కనుంచి కొత్త దారి కట్టాలి. అడిగేది తగ్గించడం అనే రెండో వైపు మీద మాకూ, మీకూ శ్రద్ధ తక్కువ. అలవాట్లు పనిచేసేది చాలావరకు ఆ వైపునే. ఆ రెండో వైపుకి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదన్నదే నా ఫిర్యాదు.

2

ఈ నొప్పిని మొదట పక్కాగా వర్ణించినవాడు విలియం హెబర్డెన్. 1768లో లండన్ వైద్యుల కళాశాలలో ఆయన చెప్పిన మాటల్ని ఇవాళ మా విద్యార్థులకి యథాతథంగా పాఠం చెప్పొచ్చు. నడుస్తుండగా వస్తుంది, ఎత్తు ఎక్కుతుంటే ఇంకా ఎక్కువ, భోజనం అయిన వెంటనే నడిస్తే మరీనూ. నిలబడిపోతే మాయమవుతుంది. ఈసీజీ లేదు, స్టెతస్కోపు కూడా అప్పటికి పుట్టలేదు. రోగి చెప్పింది చెవిపెట్టి విన్నాడు, అంతే.

మన దగ్గర దీని మారుపేరు గ్యాసు. ఛాతీ మధ్యలో బరువుగా ఉంటుంది, పట్టేసినట్టు ఉంటుంది, గొంతులోకో దవడలోకో ఎడమ చేతిలోకో లాగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఈనో కలిపిస్తారు, లేదా వాము నమలమంటారు. అది తాగేలోపు మనిషి అయిదు నిమిషాలు కూర్చుంటాడు కదా, కూర్చున్నందుకు నొప్పి పోతుంది. పేరు ఈనోకి వస్తుంది. మరుసటి నెల మళ్ళీ గ్యాసే. దయచేసి ఒక్కటి గుర్తుంచుకోండి: మెట్లెక్కితే వచ్చి, ఆగితే పోయే గ్యాసు లేదు.

నొప్పి అనే మాట కూడా రోగులు చాలామంది వాడరు. వేలితో ఒకచోట చూపించరు. అరచెయ్యో, బిగించిన పిడికిలో ఛాతీ మీద పెట్టి, ఇక్కడ ఏదోలా ఉందండీ అంటారు. ఆడవాళ్ళలో చాలాసార్లు ఆయాసం, నీరసం, వీపులో లాగడం, ఇంతే కనిపిస్తుంది. దాన్ని వయసు అనుకుంటారు, పని ఎక్కువైంది అనుకుంటారు. షుగరు ముదిరినవాళ్ళలో నరాలు మొద్దుబారి అసలు నొప్పే తెలియకపోవచ్చు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. షుగరు ఉన్నవాళ్ళకి కొత్తగా ఆయాసం వస్తే దాన్ని అంజైనా కిందే లెక్క కట్టి పరీక్ష చేయించుకోవాలి.

నొప్పిని దాచుకునేవాళ్ళ సంగతి వేరు. చేపల చెరువులున్న ఒక రైతు నా దగ్గరికి వచ్చేవారు. పొద్దున్నే చెరువు గట్టు మీద కాస్త దూరం నడిచేసరికి ఛాతీ పట్టేది. వెనక వస్తున్న కూలీలకి తెలియకూడదని ఆగి, ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూస్తున్నట్టు నిలబడేవారట. పట్నంలో అయితే ఫోను చూసుకుంటున్నట్టు, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నిలబడతారు. మీ ఇంట్లో పెద్దాయన ఈమధ్య నడకలో తరచుగా ఫోను చూసుకుంటున్నారా? కాస్త గమనించండి.

గోదావరి పల్లెల్లో తిండికి, గాలికి లోటేముంది, గుండెజబ్బు పట్నం వాళ్ళదని ఇంకా అనేవాళ్ళున్నారు. ఉభయగోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఒక ఏడాదిలో జరిగిన మరణాలకి కారణాలు వెతికిన పరిశోధన 2006లో అచ్చయింది. దాదాపు మూడింట ఒక వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లె అన్న రక్షణ ఎప్పుడో పోయింది.

3

ఇప్పుడు మందుల కథ, ఎందుకంటే నేను చెప్పే రెండో వైపుని మొదట గౌరవించింది ఒక మందే.

1867లో ఎడింబరోలో లాడర్ బ్రంటన్ అనే కుర్ర డాక్టరు అమైల్ నైట్రైట్ వాసన చూపిస్తే అంజైనా తగ్గడం గమనించాడు. 1879లో లండన్‌లో విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్ వాడి చూశాడు. అవును, డైనమైట్‌లో ఉండేదే. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి ఆదివారం సెలవు తర్వాత సోమవారం తలనొప్పి వచ్చేదంటే రక్తనాళాల మీద దాని ప్రభావం అంతటిది. డైనమైట్‌తో కోట్లు గడించిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కి చివరి రోజుల్లో గుండెజబ్బు వచ్చి డాక్టర్లు నైట్రోగ్లిజరిన్ రాస్తే, ఆయనే ఆ విడ్డూరానికి నవ్వుకుని మిత్రుడికి ఉత్తరం రాశాడు. అది ఎలా పనిచేస్తుందో తేల్చిన ముగ్గురికి 1998లో ఆయన పేరిట ఉన్న బహుమానమే వచ్చింది. మన దగ్గర సార్బిట్రేట్ అని జేబులో పెట్టుకునే బిళ్ళ దీని దాయాదే.

తొంభై ఏళ్ళు అందరూ ఒకే దారిలో ఆలోచించారు: రక్తం ఎక్కువ పంపడం ఎలా? స్కాట్లాండ్‌కి చెందిన జేమ్స్ బ్లాక్ ప్రశ్నని తిరగేశాడు. ఎక్కువ తేలేనప్పుడు తక్కువ అడిగేలా చెయ్యలేమా? ఆవేశం, భయం, శ్రమ వచ్చినప్పుడు గుండెని పరుగెత్తించే హార్మోను గుండెని తాకకుండా అడ్డుపెడితే? 1960ల్లో ప్రొప్రనొలాల్ వచ్చింది. బీటా బ్లాకర్లన్నీ దాని సంతానమే. 1988లో ఆయనకీ నోబెల్ వచ్చింది. ఆయన తండ్రి గుండెపోటుతోనే పోయాడు.

బ్లాక్ ఒక అణువుతో చేసినదాన్ని కొంతవరకు కాళ్ళతో చెయ్యొచ్చు. ఆ సంగతి హెబర్డెన్ చెవిన కూడా పడింది. ఆయన రోగి ఒకడు రోజూ అరగంట రంపంతో కట్టెలు కోయడం పనిగా పెట్టుకుని దాదాపు నయం చేసుకున్నాడని ఆయనే రాసిపెట్టాడు. చాలామంది ఆ వాక్యాన్ని చదివారు, పట్టించుకున్నది తక్కువమంది. చాలాకాలం గుండెజబ్బు అనగానే మంచం ఎక్కించడమే వైద్యం అయింది.

4

స్టెంట్ల గురించి చెప్పేముందు ఒక మాట. గుండెపోటు వచ్చి, ధమని పూర్తిగా మూసుకుపోయినప్పుడు వెంటనే వేసే స్టెంటు ప్రాణం నిలుపుతుంది. ఎడమ వైపు ప్రధాన ధమని ఇరుకైతే బైపాసు అవసరమవుతుంది. వాటి మీద నాకు రెండో మాట లేదు. నేను మాట్లాడుతున్నది నిలకడగా ఉన్న అంజైనా గురించి. అంటే నెలలుగా ఇంత నడిస్తే వస్తుంది, ఆగితే పోతుంది అన్న రకం.

అమెరికా, కెనడాల్లో 2287 మంది మీద జరిగిన కరేజ్ అధ్యయనం 2007లో వచ్చింది. మంచి మందులు మాత్రమే వాడినవాళ్ళకీ, మందులతోపాటు స్టెంటు వేసినవాళ్ళకీ మరణాల్లో గానీ గుండెపోటుల్లో గానీ తేడా రాలేదు. నమ్మలేక మళ్ళీ చేశారు. 37 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, 5179 మందితో ఇస్కీమియా అధ్యయనం 2020లో అచ్చయింది. ఫలితం మళ్ళీ దాదాపు అదే. తరచుగా నొప్పి వచ్చేవాళ్ళకి స్టెంటు, బైపాసు ఉపశమనం ఇచ్చాయి, ఆయుష్షు పెంచలేదు. బ్రిటన్‌లో ఆర్బిటా అనే పరీక్షలో కొందరికి స్టెంటు వేసి, కొందరికి మత్తిచ్చి వేసినట్టు నటించారు. ఆరు వారాలకి నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2023లో అదే బృందం అంజైనా మందులు ఆపి మళ్ళీ చూస్తే స్టెంటు నొప్పిని నిజంగానే తగ్గించింది. రెండూ చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే.

ఎందుకిలా అంటే, యాంజియోగ్రామ్‌లో కనిపించే పెద్ద పూడిక నొప్పి పుట్టిస్తుంది గానీ, పగిలి గుండెపోటు తెచ్చేది చాలాసార్లు దానిపక్కన సద్దుమణిగినట్టు కనిపించే చిన్న మెత్తటి గడ్డ. స్టెంటు ఒకచోట వేస్తాం. జబ్బు చెట్టంతా ఉంటుంది.

మన ప్రభుత్వాల మీద ఇక్కడ చిన్న ఆక్షేపణ. హైదరాబాదులోనే డాక్టర్ సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి 1990ల్లో చవకైన స్టెంటు తయారుచేశారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకి కళ్ళెం వేసింది, మందు పూసిన రకానికి 29,600 రూపాయలు అని. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇవాళ ఏ పేరున నడుస్తున్నా, పేదవాడికి స్టెంటు ఉచితం చేసింది. అన్నీ మంచి పనులే. స్టెంటు వేసిన మనిషికి తర్వాత మూడు నెలలు ఎలా నడవాలో నేర్పే ఫిజియోథెరపిస్టుకి ఎవరు డబ్బిస్తున్నారు? గొట్టానికి బిల్లు ఉంది, నడకకి బిల్లు లేదు. బిల్లు లేని వైద్యం ఆసుపత్రిలో కనిపించదు.

5

జర్మనీలోని లైప్జిగ్‌లో 101 మంది మగవాళ్ళని రెండు జట్లు చేశారు. అందరికీ నిలకడైన అంజైనా. ఒక జట్టుకి స్టెంటు, ఇంకో జట్టుకి రోజుకి ఇరవై నిమిషాలు కదలని సైకిలు. ఏడాది తర్వాత ఏ ప్రమాదమూ లేకుండా ఉన్నవాళ్ళు స్టెంటు జట్టులో 70 శాతం, సైకిలు జట్టులో 88 శాతం. 2004లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నదే. దాని మీద ప్రపంచాన్ని నిలబెట్టలేం. దిక్కు మాత్రం చూపిస్తుంది.

క్రమం తప్పకుండా నడిచేవాడిలో ఏం మారుతుంది? పూడిక పెద్దగా కరగదు, ఆ ఆశ వద్దు. కాలి కండరం వచ్చిన రక్తం నుంచి ఎక్కువ ఆక్సిజన్ తీసుకోవడం నేర్చుకుంటుంది. అదే మెట్లకి ఇదివరకు గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటే ఇప్పుడు 105తో సరిపెడుతుంది అనుకోండి. బీపీ కూడా అంత ఎగరదు. పని అదే, గుండె అడిగేది తగ్గింది. చెరువు గట్టు మీది రైతు కూలీల ముందు నటించడం మానేసింది స్టెంటు వల్ల కాదు, నెలల తరబడి నడిచినందువల్ల, బీటా బ్లాకర్ వేసుకున్నందువల్ల.

ఎలా నడవాలి అన్నదే అసలు విషయం. మొదటి పది నిమిషాలు బజారుకి కూరలకి వెళ్ళినట్టు నింపాదిగా. అంజైనా ఉన్నవాళ్ళలో మొదటి విడత నడకలో నొప్పి వచ్చి, ఆగి మళ్ళీ మొదలుపెడితే అదే దూరం నొప్పి లేకుండా పోవడం తరచుగా చూస్తాం. గుండె సర్దుకోవడానికి వ్యవధి అడుగుతుంది, ఇవ్వండి. తర్వాత వేగం పెంచినా పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే వేగం చాలదు, మాట తెగిపోతే ఎక్కువైంది. ఛాతీలో బరువు మొదలైతే ఆగడమే, పంతానికి పోకూడదు. భోజనం చేసి గంటా రెండు గంటలలోపు వద్దు. డిసెంబరులో అరకులో, ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున వద్దు. చలికి చర్మంలో రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, గుండె అంత ఎదురొత్తిడి మీద పనిచెయ్యాలి. మే నెల మధ్యాహ్నం సంగతి నేను చెప్పనక్కర్లేదు.

యోగా గురించి అడుగుతారని తెలుసు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు నుంచి కోలుకున్న దాదాపు నాలుగు వేలమంది మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. యోగా నేర్చుకున్నవాళ్ళు మనసుకి, ఒంటికి మెరుగ్గా ఉన్నామన్నారు, మునుపటి పనుల్లోకి మరింత బాగా తిరిగి వెళ్ళారు. మరణాలు, మళ్ళీ పోట్లు తగ్గాయని మాత్రం గట్టిగా తేలలేదు. నడకకి తోడుగా చెయ్యండి, నడకకి బదులుగా వద్దు.

6

పొగాకు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో వాదన లేదు. నికోటిన్ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తను కూర్చుంటుంది. లెక్కలో రెండు వైపులూ ఒకే దమ్ముతో చెడిపోతాయి. సిగరెట్టు కంటే బీడీ నయం, బీడీ కంటే చుట్ట నయం, నమిలితే అసలు గుండెకి రాదు, ఈ మూడూ అబద్ధాలే. శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. నోటి క్యాన్సర్ గురించి వాళ్ళకి చెప్పాం, గుండె గురించి ఎవరూ చెప్పలేదు. గుండెజబ్బు వచ్చాక పొగ మానేసినవాళ్ళలో మరణాలు మూడింట ఒక వంతు పైగా తగ్గుతాయి. ఆ స్థాయిలో పనిచేసే మందుని రోజూ రాసే అవకాశం నాకు తక్కువ.

తిండి దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. ఆవకాయ మానేయమని ఒక తెలుగు సభలో చెప్పే ధైర్యం నాకు లేదు. అదీకాక ఆవకాయ ఒక్కటే దోషి కాదు. ఒకే విస్తట్లో ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయ, పప్పులో ఉప్పు, పులుసులో ఉప్పు, చివర మజ్జిగలో మళ్ళీ ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, చాలంటుంది. మన ఇళ్ళలో దాదాపు రెట్టింపు పోతోంది. ఉప్పు బీపీని పెంచుతుంది, బీపీ ఎక్కువైతే కొట్టుకునే ప్రతిసారీ గుండె ఎక్కువ అడుగుతుంది. కాబట్టి బేరం ఇది: ఊరగాయ ఉన్న పూట అప్పడం, వడియం ఉండవు, మజ్జిగలో ఉప్పు ఉండదు. ఇంట్లో వంట చేసేవారు ఇక్కడ ఉంటే, నాలుగు వారాలు కొద్దికొద్దిగా తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది.

పెళ్ళి భోజనం ఇంకో ముచ్చట. కడుపునిండా తిన్న తర్వాత జీర్ణం కోసం పేగులకి రక్తం మళ్ళుతుంది, గుండె పని పెరుగుతుంది. అప్పుడే సామాను పట్టుకుని మూడో అంతస్తు విడిదికి పరుగెడితే ఛాతీ పట్టుకుంటుంది. హెబర్డెన్ గమనించింది ఇదే. అంజైనా ఉన్నవాళ్ళు తక్కువ తక్కువగా నాలుగుసార్లు తినాలి, రాత్రి భోజనం పెందలాడే ముగించాలి. తెల్లన్నం గుట్టగా పెట్టి పక్కన చారెడు కూర పెట్టే మన పద్ధతిని తిరగేసి కూర, పప్పు పెంచి అన్నం తగ్గించాలి. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో వేసిన బజ్జీలకి దూరంగా ఉండండి. ప్యాకెట్లలో అమ్మే నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 నుంచి నిబంధన ఉంది. వీధి చివర బాణలికి ఆ నిబంధన తెలియదు.

విటమిన్ బిళ్ళతో ఇదంతా దాటిపోవచ్చా అని ఆశపడేవాళ్ళకి సుబ్బారావు గారి మందులే సాక్ష్యం. రక్తంలో హోమోసిస్టీన్ ఎక్కువైతే గుండెకి చేటని గమనించి, ఫోలిక్ ఆమ్లం ఇస్తే అది తగ్గుతుంది కదా అని వేలమందికి ఇచ్చి చూశారు. అది తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. ధమనుల్లో వాపు తగ్గిస్తే ఫలితం ఉంటుందేమోనని మెథోట్రెక్సేట్‌ని తక్కువ మోతాదులో ఇచ్చి చూశారు, 2018లో ఆ పరీక్షా నిరాశే మిగిల్చింది. ఆ రెండు మందులూ వాటి చోట్ల లక్షల ప్రాణాలు కాపాడాయి, ఇది వాటి చోటు కాదు. డాక్టరు రాసిన స్టాటిన్, ఆస్పిరిన్, బీపీ మందు, షుగరు మందు వేరు. అవి నిరూపణ అయినవి. బాగున్నాను కదా అని ఆపెయ్యకండి, ఆ మందుల వల్లే బాగున్నారు.

7

జబ్బుతో బతకడంలో కష్టమైనది భయం. స్టెంటు వేసుకుని వచ్చిన ఆయన్ని ఇంటిల్లిపాదీ గాజుబొమ్మలా చూస్తారు. నీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వరు. ఆయనా వరండాలో కుర్చీకి అతుక్కుపోతాడు. కండరాలు సడలి, చిన్న పనికే గుండె వేగం పెరగడం మొదలవుతుంది. ప్రేమతో చేసే ఈ సేవ లెక్కని చెడగొడుతుంది. రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే దంపతుల మధ్య కూడా ఏ అడ్డూ అక్కర్లేదు. అడగడానికి సిగ్గుపడి చాలామంది ఏళ్ళ తరబడి దూరంగా ఉండిపోతారు కాబట్టి అడగకుండానే చెబుతున్నాను. అయితే నైట్రేటు బిళ్ళలు వాడేవాళ్ళు వయాగ్రా వంటి మాత్రల జోలికి పోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

కోపం సంగతి కూడా. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌కి అంజైనా ఉండేది. తన ప్రాణం తనకి కోపం తెప్పించేవాళ్ళ చేతుల్లో ఉందని ఆయనే చెప్పుకునేవాడట. 1793లో ఆసుపత్రి సమావేశంలో వాదన పెరిగి, పక్క గదిలోకి వెళ్ళి కుప్పకూలి పోయాడు. కార్యవర్గ సమావేశాలకి వెళ్ళేవారు గమనించగలరు.

జేబులో బిళ్ళ ఉందా? నొప్పి వస్తే కూర్చుని, నిలబడి కాదు, నాలుక కింద పెట్టుకోండి. బీపీ తగ్గి తల తిరగొచ్చు, అందుకే కూర్చోమన్నది. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చెయ్యండి. విశ్రాంతిలో ఉండగా వచ్చినా, ఇదివరకు రెండంతస్తులకి వచ్చేది ఇప్పుడు పది అడుగులకే వస్తున్నా, చెమటలు పట్టినా అది పాత అంజైనా కాదు, వెంటనే ఆసుపత్రికి. స్కూటరు మీద వెళ్ళకండి. తెల్లారాక చూద్దాం అనకండి. బిళ్ళల సీసా మూత బిగించి, ఎండ తగలకుండా పెట్టండి, కాలం చెల్లిందేమో ఎప్పటికప్పుడు చూసుకోండి.

నాకిప్పుడు ముందు వరుస నుంచి ఒక చీటీ వచ్చింది. అలిపిరి మెట్లు ఎక్కొచ్చా అని. 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు మార్గం 2,388, తక్కువే గానీ నిటారు. శబరిమల దారిలో అప్పాచిమేడు దగ్గర గుండె వైద్య కేంద్రం పెట్టాల్సి వచ్చిందంటే ఆ ఎక్కుడు సంగతి అర్థం చేసుకోండి. అంజైనా ఉన్నవాళ్ళు ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. మూడు నెలలు రోజూ నడిచి ఉండాలి. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు, తేలిగ్గా తిని, ఎవరితోనూ పోటీ లేకుండా, కూర్చుని కూర్చుని ఎక్కాలి. ఇవేవీ కుదరకపోతే బస్సుంది. బస్సులో వచ్చినవాళ్ళకీ స్వామి దర్శనం అంతే ఇస్తాడు. రెండో చీటీ ఎవరిది?